భుజం నొప్పి: చెయ్యి ఎత్తి చూస్తే సగం తెలిసిపోతుంది

ముందుగా ఒక్క మాట. మెట్లెక్కినా, వేగంగా నడిచినా ఎడమ భుజం లాగుతూ, ఆగితే తగ్గుతోందంటే గుండెను అనుమానించాలి. విశాఖ ఉక్కపోతలో చెమటలు మామూలే అని తేలిగ్గా తీసుకుంటాం. కానీ భుజం నొప్పితో పాటు చల్లటి చెమట, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీలో నొప్పి రాకుండానే గుండెపోటు రావచ్చు.

అలాంటిదేమీ లేకపోతే ఈ పరీక్ష చేయండి. చెయ్యి మీరే పైకెత్తండి. తర్వాత వదులుగా వదిలేసి, ఇంట్లోవాళ్లను మెల్లగా ఎత్తమనండి.

ఎవరు ఎత్తినా లేవడం లేదు

జడ వేసుకోలేరు, వెనక జేబులో చెయ్యి పెట్టలేరు. ఇది ఎక్కువగా ఫ్రోజెన్ షోల్డర్. కీలు చుట్టూ ఉన్న పొర వాచి బిగుసుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్లవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. ఎప్పుడూ షుగర్ చూపించుకోకపోతే ఇప్పుడు చూపించుకోండి. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. అందాకా జోలె కట్టుకుని చెయ్యి కదపకపోతే ఇంకా బిగుస్తుంది. అలాగని మాలిష్ పేరుతో బలవంతంగా మెలి తిప్పించుకోవడమూ ప్రమాదమే. వేడి కాపడం పెట్టాక బల్ల మీద బాగున్న చెయ్యి ఆనించి ముందుకు వంగండి. నొప్పి చేతిని వేలాడదీసి చిన్న సున్నాలు చుట్టండి. గోడ మీద వేళ్లతో పైకి పాకించండి. ఇవి రోజూ చేయాలి. మొదట్లో నొప్పి భరించలేనిదైతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దానివల్ల కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి మీకు షుగర్ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

వాళ్లు ఎత్తితే లేస్తోంది, నేను ఎత్తితే సగంలో నొప్పి

ఆ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి నిద్ర ఉండదు. భుజాన్ని తిప్పే కండరాలను ఎముకకు కలిపే తాళ్లలాంటి స్నాయువులు, అంటే రొటేటర్ కఫ్, ఒరుసుకుని దెబ్బతినడమే ఎక్కువగా కారణం. ఫిషింగ్ హార్బర్‌లో వలలు లాగేవాళ్లకు, పోర్టులో బరువులెత్తేవాళ్లకు, సీలింగుకు రంగులేసేవాళ్లకు ఇది తరచూ వస్తుంది. తల పైకి చేతులెత్తే పని కొన్ని వారాలు తగ్గించి, ఫిజియోథెరపిస్టు దగ్గర బలం పెంచే వ్యాయామాలు నేర్చుకోండి. పడ్డాక ఉన్నట్టుండి చెయ్యి లేవకపోతే ఆ స్నాయువులు తెగి ఉండొచ్చు. రోజులు గడిపేయకుండా కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల విభాగంలోనో, దగ్గర్లోని ఆర్థోపెడిక్ డాక్టరుకో చూపించుకోండి.

చెయ్యి బాగానే తిరుగుతోంది, అయినా నొప్పి

మెడ తిప్పితే నొప్పి పెరిగి, వేళ్లదాకా తిమ్మిరి పాకితే మెడలో నరం నొక్కుకుపోయినట్టు. కంప్యూటర్ తెర కంటి ఎత్తుకు పెట్టుకోండి. చేతిలో పట్టు తగ్గితే మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించుకోండి. నూనె వంటకాలు తిన్నాక కుడి భుజం, పక్కటెముకల కింద కలిసి నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లేమో, స్కానింగ్ చేయించుకోండి.