నేరస్థుల అప్పగింత చట్టం – 4వ పాఠం: అప్పగింత ఉత్తర్వును ఛార్జిషీటుతో సరిచూడడం

1962 నాటి అప్పగింత చట్టం కింద మేజిస్ట్రేటు జరిపే విచారణను గత పాఠంలో చూశాం. ఈసారి విదేశం మనకు అప్పగించిన నిందితుడి కాగితాలను చదవడం నేర్చుకుందాం. తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో ఎర్రచందనం కేసులు చూసే జూనియర్ న్యాయవాదులు ఈ పని శ్రద్ధగా నేర్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క సెక్షన్ గమనించకపోయినా నిందితుడు విచారించకూడని నేరానికి ఏళ్ల తరబడి జైల్లో మగ్గవచ్చు.

ముందుగా అతడు వచ్చిన తీరు తేల్చుకోవాలి. వీసా రద్దయి తిప్పి పంపబడినవాడు వేరు, అప్పగింత ఉత్తర్వుపై వచ్చినవాడు వేరు; 21వ సెక్షన్ చెప్పేది రెండోవాడి గురించే. ఆ సెక్షన్ ప్రకారం అతడిని ఏ నేరానికి అప్పగించారో ఆ నేరానికి, అప్పగింత కోసం రుజువు చేసిన వాస్తవాల్లో బయటపడిన అంతకంటే చిన్న నేరానికి, లేదా ఆ దేశం సమ్మతించిన నేరానికి మాత్రమే విచారించాలి. అతడు తిరిగి ఆ దేశం చేరేవరకు, లేదా వెళ్లే అవకాశం పొందేవరకు ఈ కట్టుబాటు ఉంటుంది. దయాసింగ్ లహోరియా కేసులో సుప్రీంకోర్టు 2001లో ఈ నియమాన్నే నిలబెట్టింది.

ఇప్పుడు ఒక ఊహాజనిత కేసు తీసుకుందాం. భాకరాపేట అడవిలో 2019లో దుంగల దోపిడీ జరిగిందని, ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 395వ సెక్షన్, అంటే బందిపోటు దోపిడీ నేరం కింద నిందితుడిని అప్పగించారని అనుకోండి. ఉత్తర్వును ఎడమవైపు, ఛార్జిషీటును కుడివైపు పెట్టుకుని, ప్రతి అభియోగం పక్కన తేదీ, స్థలం, చేసిన పని పెన్సిలుతో రాయండి. విదేశీ ఉత్తర్వులో మన సెక్షన్ల నంబర్లు ఉండకపోవచ్చు కనుక నంబర్లను కాక వాస్తవాలను పోల్చాలి. సాక్ష్యంలో దొంగతనమే తేలితే 379 కింద శిక్షించవచ్చు, అది అవే వాస్తవాల్లోంచి వచ్చిన చిన్న నేరం. అలా కాక, 2017లో మరోచోట జరిగిన హత్యను ఛార్జిషీటులో చేర్చి ఉంటే, ఆ దేశపు సమ్మతి పత్రం ఫైల్లో ఉందో లేదో వెతకండి. అది లేకపోతే అభియోగాలు ఖరారు చేసే దశలోనే రాతపూర్వకంగా అభ్యంతరం వేయాలి. ఆలస్యం చేస్తే నష్టపోయేది కక్షిదారే.

అభ్యాసం: పై కేసులోనే పోలీసులు అదే రోజు, అదే చోట ఫారెస్టు గార్డుపై హత్యాయత్నం చేశాడని 307 సెక్షన్ చేర్చారు. తేదీ, స్థలం కలిశాయి. ఇది చిన్న నేరమవుతుందా? శిక్షల తీవ్రతను, ఉత్తర్వులో రుజువైన వాస్తవాలను చూపుతూ ఒక పేజీలో అభ్యంతర పిటిషన్ ముసాయిదా రాయండి.