జింక్ లోపాన్ని చూపే బ్యాక్టీరియా తప్పు రంగు చూపిస్తే

2015లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు జింక్ మోతాదును బట్టి రంగు మారే ఈ-కోలై బ్యాక్టీరియాని తయారుచేశారు. జింక్ తక్కువైతే వయోలసీన్ వల్ల ఊదా, మధ్యస్తంగా ఉంటే లైకోపీన్ వల్ల టమాటా ఎరుపు, ఎక్కువైతే బీటా కెరోటిన్ వల్ల నారింజ. పెద్ద యంత్రాలు లేని చోట కూడా కంటితో చూసి లోపం పట్టాలన్నది ఉద్దేశం. ఇలాంటి కల్చర్ (పెంచుతున్న బ్యాక్టీరియా) మీ ల్యాబ్‌లో మొరాయిస్తే ప్లాస్మిడ్‌ని, అంటే రంగు జన్యువుల్ని మోసే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని, అనుమానించడం చివర్లో. ముందు మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం), గాజుసామాను చూడండి.

జింక్ వేయని ట్యూబులు కూడా నారింజ రంగులోకి వస్తున్నాయి

పది కేసుల్లో నేను మొదట అడిగేది ఒకటే: మీడియా ఏది? మామూలుగా వాడే పోషక ద్రవం ఎల్‌బీ అయితే అక్కడే ఆగండి. అందులోని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ట్రిప్టోన్‌లతో పాటే జింక్ వస్తుంది. కణాలకి తప్పనిసరైన లవణాలు, చక్కెర మాత్రమే ఉండే ఎం9 లాంటి మినిమల్ మీడియాకి మారండి.

అప్పటికీ నారింజే వస్తే జింక్ ఎక్కడి నుంచో జొరబడుతోందని అర్థం. రబ్బరు బిరడాలు, పౌడరు గ్లవ్స్, కుళాయి నీళ్లతో కడిగిన ఫ్లాస్కులు, ఇవన్నీ దొంగదారులే. మేం మూడు వారాలు ప్రొమోటర్లు (జన్యువుల్ని ఆన్ చేసే డీఎన్‌ఏ స్విచ్‌లు) మార్చుకుంటూ కూర్చున్నాం. చివరికి తేలింది బిరడా దగ్గర. గాజుసామాను పది శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, అతిశుద్ధ జలంతో బాగా కడగండి. వీలైతే కొత్త ప్లాస్టిక్ ట్యూబులే వాడండి.

నిర్ధారణకి ఒక ట్యూబులో జింక్‌ని పట్టేసే టీపెన్ కొద్దిగా వేయండి. రంగు ఊదాకి తిరిగితే సర్క్యూట్ (జింక్‌ని బట్టి రంగు మార్చే జన్యువుల అమరిక) బాగానే ఉంది, దోషం కాలుష్యానిదే. మోతాదు మించితే కణాలు చస్తాయి, జాగ్రత్త.

ఊదా రావాల్సిన చోట ఎరుపు ఛాయ కనిపిస్తోంది

రాత్రంతా ఎల్‌బీలో పెంచిన కల్చర్‌ని నేరుగా వేసి ఉంటారు. ముందే తయారైన కెరోటినాయిడ్లు (లైకోపీన్, బీటా కెరోటిన్ లాంటి రంగులు) కణాల్లో ఉండిపోతాయి. ఇనాక్యులమ్‌ని (ట్యూబులో మొదట వేసే కణాల్ని) కూడా తక్కువ జింక్‌లోనే పెంచి, కడిగి, బాగా పలచన చేసి వేయండి.

రోజులు గడిచేకొద్దీ రంగు వెలిసిపోతోంది

కణాల నుంచి ప్లాస్మిడ్ జారిపోతోంది. ప్లాస్మిడ్ లేని కణాల్ని ఆపే యాంటీబయాటిక్ తాజాదేనా చూసి, మైనస్ 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి దాచిన స్టాక్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

మీడియాలో బాగుంది, సీరంలో పనిచేయడం లేదు

సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవం)లోని కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రొటీన్లు ఈ-కోలైని చంపేస్తాయి. కణాలు వేసేముందే సీరాన్ని 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడి చేయండి. కణాలు బతికాక ఇంకో చిక్కు: సీరంలో జింక్ ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది. అందుకే మీడియాలో గీసుకున్న స్టాండర్డ్ గ్రాఫ్ ఇక్కడ చెల్లదు. కీలేటింగ్ రెజిన్ (లోహాల్ని పట్టేసే గుళికలు)తో జింక్ తీసేసిన సీరంలో, తెలిసిన మోతాదులు వేసి స్టాండర్డ్స్ చేసుకోండి.

రంగు స్పష్టంగానే ఉంది, రోగి పరిస్థితికి పొంతన లేదు

ఇప్పుడు శాంపిల్‌ని అనుమానించండి. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ట్యూబులో తీస్తే అది జింక్‌ని బంధించి లేని లోపాన్ని చూపిస్తుంది. ఎర్రకణాలు పగిలితే వాటిలోని జింక్ బయటికొచ్చి, ఉన్న లోపాన్ని దాచేస్తుంది. నాకు భయం ఈ రెండోదంటేనే, ఎందుకంటే ఆ రోగికి అందాల్సిన జింక్ మాత్ర అందదు. గులాబీ ఛాయ ఉన్న సీరం పక్కన పెట్టి, మళ్లీ రక్తం తీయించండి.

పరగడుపున ఉదయం తీసిన శాంపిల్‌లో పెద్దవాళ్లయిన స్త్రీలకి డెసిలీటరుకు 70 మైక్రోగ్రాములు హద్దు, అంతకు తక్కువైతే లోపం. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే జింక్ కాలేయంలోకి వెళ్లి సీరంలో తగ్గుతుంది కాబట్టి సీఆర్‌పీ (శరీరంలో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) కూడా చూడండి. అది పెరిగి ఉంటే, ఇన్ఫెక్షన్ తగ్గాక మరోసారి పరీక్షించండి.