పసిబిడ్డ ముఖం మీద ఎర్ర మచ్చ: చికిత్స గురించి నిర్ణయించుకోవడం ఎలా

పసిబిడ్డ ముఖం మీద ఎర్రటి మచ్చ కనబడగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. గ్రహణం నాడు తల్లి ఏదో గీరుకుని ఉంటుందని ఒకరంటే, పెద్దయ్యేకొద్దీ అదే పోతుందిలే అని ఇంకొకరంటారు. గ్రహణానికీ మచ్చకూ ఏ సంబంధమూ లేదు కాబట్టి మొదటి మాటను వదిలేయవచ్చు. రెండవ మాటతోనే అసలు చిక్కు, ఎందుకంటే అది కొన్ని మచ్చల విషయంలో నిజం, కొన్నింటి విషయంలో కాదు. అందువల్ల చికిత్స చేయించాలా వద్దా అని ఆలోచించడానికి ముందే ఆ మచ్చ ఏ రకానిదో తేల్చుకోవాలి.

బిడ్డ పుట్టిన నాడే తీసిన ఫోటో ఇందుకు బాగా పనికివస్తుంది. అప్పటి నుంచి వారానికొకసారి, ఒకే కిటికీ వెలుగులో, పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోటో తీసి ఉంచుకుంటే, మచ్చ పెరుగుతున్నదా లేదా అన్నది డాక్టరుకు చూడగానే అర్థమవుతుంది.

నుదుటి నడుమ, కనురెప్పల మీద లేత గులాబీ రంగులో చదునుగా ఉండి, బిడ్డ ఏడ్చినప్పుడు ముదురుగా కనబడే మచ్చలు సాధారణంగా ఒకటి రెండేళ్లలో మాసిపోతాయి. వాటికి చికిత్స అక్కర లేదు.

పుట్టినప్పుడు లేకుండా, లేదా లీలగా మాత్రమే ఉండి, తొలి వారాలలో ఎర్రగా ఉబ్బుతూ వచ్చేది హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. ఇది సాధారణంగా అయిదు నుంచి ఏడు వారాల వయసులో అతివేగంగా పెరుగుతుంది. పెరుగుదలలో అధిక భాగం మూడు నెలలకే పూర్తవుతుంది. ఏడాది తరువాత నెమ్మదిగా తగ్గుముఖం పట్టినా, సాగిన చర్మం, సన్నని రక్తనాళాలు మిగిలిపోవచ్చు. అందుకే, చికిత్స అవసరం కావచ్చని అనిపించే బిడ్డలను నెల వయసుకల్లా నిపుణులకు చూపించాలని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో సూచించింది. మూడో నెల టీకాల నాటికి అడుగుదాములే అనుకుంటే విలువైన కాలం గడిచిపోతుంది. రెప్ప మీద ఉంటే చూపు మందగించవచ్చు, పెదవి మీద ఉంటే పుండు పడవచ్చు, ముక్కు కొన మీద ఉంటే ఆకారం చెడవచ్చు. గడ్డం, దవడ ప్రాంతమంతా పరుచుకున్న మచ్చతోపాటు ఊపిరిలో శబ్దం గానీ గొంతు బొంగురు గానీ వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

దీనికి ఇచ్చే ప్రొప్రనోలాల్ నిజానికి గుండె మందు. గుండె సమస్యకు ఇచ్చినప్పుడు హెమాంజియోమా కూడా తగ్గడాన్ని గమనించిన ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు ఆ సంగతిని 2008లో ప్రకటించారు. బిడ్డ బరువును బట్టి మోతాదు నిర్ణయించి, సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడతారు. రక్తంలో చక్కెర పడిపోకుండా పాలు పట్టే సమయంలోనే దీన్ని ఇవ్వాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులు చేసుకుంటున్నా, పిల్లికూతలు వస్తున్నా మందు ఆపి వెంటనే డాక్టరును అడగాలి. చిన్నవి, పలుచనివి అయితే పైపూతగా టిమోలాల్ అనే మందు చుక్కలు సరిపోవచ్చు.

పుట్టుకతోనే చదునుగా, ముదురు ఎరుపులో ఉండి, బిడ్డతోపాటే పెరిగే మచ్చ పోర్ట్ వైన్ స్టెయిన్. అది తనంతట తాను పోదు. ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి మందంగా కూడా మారవచ్చు. నుదురు, కనురెప్ప మీద ఉంటే అందం సంగతి తరువాత, ముందు కంటిలోని ఒత్తిడిని పరీక్షించాలి. మూర్ఛ వచ్చే అవకాశం గురించి కూడా అడగాలి. పల్స్‌డ్ డై లేజర్ అనే కాంతి చికిత్సతో రంగు పలచబడుతుంది గానీ, చాలామందిలో పూర్తిగా పోదు, ఎన్నోసార్లు చేయించవలసి వస్తుంది. పసితనంలోనే మొదలుపెడితే మేలని చాలామంది వైద్యులు భావిస్తారు. అయితే చామనఛాయ, నలుపు చర్మం మీద లేజర్ వల్ల తెల్ల మచ్చలో నల్ల మచ్చలో పడే ప్రమాదం ఎక్కువ కనుక, మన చర్మపు రంగు మీద ఆ డాక్టరుకు ఎంత అనుభవం ఉందో, ముందుగా చిన్న చోట పరీక్షించి చూస్తారో లేదో అడగడంలో మొహమాటం పనికిరాదు. మొత్తం ఎన్ని విడతలు, విడతకు ఎంత ఖర్చు, మత్తు ఇస్తారా అన్నవి కూడా ముందే తెలుసుకోవాలి. మూడేళ్లలోపు పిల్లలకు పదేపదే గానీ, మూడు గంటలకు మించి గానీ మత్తు ఇవ్వడంపై అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది.

ఏ మచ్చ అయినా పసరు పూయడం, వాత పెట్టడం, సున్నిపిండితో గట్టిగా రుద్దడం వద్దు. చర్మం కాలినా చీలినా ఆ గుర్తు శాశ్వతంగా ఉండిపోతుంది. హెమాంజియోమా నుంచి రక్తం కారితే శుభ్రమైన బట్టతో పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి ఉంచి, అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

కొన్నాళ్లు చూద్దామని డాక్టరు అంటే అది కూడా ఒక నిర్ణయమే. మళ్లీ ఏ తేదీన రావాలో, ఏ మార్పు కనబడితే ఆ తేదీ దాకా ఆగకూడదో చీటీ మీద రాయించుకోవాలి. హెమాంజియోమా అయితే తొలి మూడు నెలలలో ఆ గడువు వారాలలోనే ఉండాలి.