సీవీటీ కారుకు గేర్‌బాక్స్ ఆయిల్ ఎలా మార్పించుకోవాలి?

సీవీటీ అంటే గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అది దొరికే కార్లు మాగ్నైట్, కైగర్, ఎలివేట్, ఐవీటీ పేరుతో వచ్చే క్రెటా, సెల్టోస్. నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద ఇప్పుడు ఎటు చూసినా ఇవే. ఇంటిల్లిపాదీ పడతారు, క్లచ్ తొక్కే పని లేదు, ధర కూడా మరీ అందనంత కాదు. కానీ కొన్న నాలుగైదేళ్లకు "గేర్‌బాక్స్ పోయిందంట అన్నా, లక్షల్లో చెప్తున్నారు" అనే మాట తరచుగా వినపడుతోంది. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు గేర్‌బాక్స్‌ది కాదు. ఏదో ఒక ఆయిల్ పోసుంటారు, లేదా సరైన ఆయిలే పోసి లెవెల్ సరిగా చూసుండరు. పది నిమిషాలు ఓపిక పడితే తప్పేదాన్ని ఇలా పాడుచేసుకోవడం చూస్తే బాధేస్తుంది.

ముందు మీది సీవీటీయేనా అని తేల్చుకోండి. క్లచ్ పెడల్ లేని కార్లన్నీ సీవీటీలు కావు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ పని మిషన్ చేస్తుంది. టయోటా హైరైడర్ హైబ్రిడ్‌లో ఉండే ఈ-సీవీటీ పేరుకే సీవీటీ, లోపల బెల్టు ఉండదు. నేను చెప్పేది బెల్టో, చెయినో ఉన్నవాటి గురించి.

యాక్టివా విప్పగా చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రెండు పుల్లీలు, మధ్యలో బెల్టు. పుల్లీ రెండు సగాలూ దగ్గరకి జరిగితే బెల్టు పైకి ఎక్కుతుంది, దూరం జరిగితే కిందికి దిగుతుంది. గేర్లు మారే అవసరమే లేదు. అయితే స్కూటర్‌లో రబ్బరు బెల్టు పొడిగా తిరుగుతుంది. కారులో అది ఉక్కుది, ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఇక్కడ ఆయిల్ రెండు పనులు చేయాలి. అరుగుదల ఆపాలి, అదే సమయంలో ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టు ఇవ్వాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ ఆ పట్టు ఇవ్వదు. "ఏం కాదులే అన్నా, అన్నీ ఒకటే" అని మెకానిక్ అంటే, అక్కడ ఆయిల్ మార్పించొద్దు. మాగ్నైట్‌కు ఎన్ఎస్-3 అనే ఆయిల్, ఎలివేట్‌కు హెచ్‌సీఎఫ్-2, క్రెటా ఐవీటీకి ఎస్‌పీ-సీవీటీ1. మీ మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే, సీలు తీయని డబ్బాలో, మీరే కొని పట్టుకెళ్లండి.

ఎప్పుడు మార్చాలి? నేనైతే 40,000 కిలోమీటర్లకు అంటాను. లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చనక్కర్లేదు అని చెప్పేవాళ్లు ఉన్నారు. రోహిణి కార్తెలో ఏసీ వేసి ఐదుగురిని కూర్చోబెట్టుకుని నడిపే కారుకు ఆ లెక్క పనికిరాదు. వేడికి ఆయిల్ పలచబడుతుంది, పలచబడితే పట్టు తగ్గుతుంది. వారంటీలో ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే మార్పించి బిల్లు దాచుకోండి. మిషన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఎక్కడో అడుగున కూర్చున్న చెత్త వాల్వుల్లోకి చేరుతుంది. దింపడం, నింపడం. అంతే.

కావలసినవి: నాలుగు చక్రాలూ సమంగా ఉండే లిఫ్టు, కొలత గీతలున్న పాత్ర, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, చేతి పంపు, ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే పరికరం).

దింపేటప్పుడు పెద్ద పనేం లేదు. గేర్‌బాక్స్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు తీయండి. ఇంజిన్ ఆయిల్ బోల్టు పక్కనే ఉంటుంది, ఏది దేనిదో ముందే చూసుకోండి. మొత్తం ఆయిల్ బయటికి రాదు, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో కొంత ఉండిపోతుంది. దిగినదాన్ని కొలవండి, సరిగ్గా అంతే కొత్తది పోయండి. బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పేస్టు ఉంటే మామూలే. మెరిసే రేకులు కనపడితే పని ఆపి అనుభవమున్నవాళ్లకు చూపించండి.

ఇక లెవెల్. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

ఇంజిన్ ఆయిల్‌కు కారు ఆపి, చల్లారాక డిప్‌స్టిక్ చూస్తాం. సీవీటీకి అది పనికిరాదు. చాలా కార్లలో ఇంజిన్ నడుస్తుండాలి, కారు సమంగా ఉండాలి, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడిలో ఉండాలి. మూడూ ఒకేసారి కుదరాలి. వేడి పెరిగితే ఆయిల్ ఉబ్బుతుంది. చల్లటి ఆయిల్‌కు సరిగ్గా ఉన్న లెవెల్ వేడెక్కాక ఎక్కువ చూపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు సరిచేస్తే చల్లారాక తక్కువైపోతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, బెల్టు మీద ఒత్తిడి పడిపోయి జారుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగలోనూ గాలే ఉంటుంది, చివరికి జరిగేది అదే. అందుకే "కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే" అనే మాట ఇక్కడ నమ్మొద్దు.

కొన్ని కార్లకు ఆ వేడి 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కొన్నింటికి అంతకంటే ఎక్కువ. మీదెంతో మాన్యువల్‌లో చూసుకోండి. 40 దగ్గర చూడాల్సిన కారైతే, మన ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి షెడ్డులో నిలబెట్టిన బండిలో ఇంజిన్ తిప్పకముందే ఆయిల్ ఆ వేడికి చేరిపోయి ఉంటుంది. స్టార్ట్ చేసిన కాసేపటికే దాటిపోతుంది. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. రాత్రంతా చల్లారిన బండినే తీసుకెళ్లండి. కావలి నుంచి హైవే మీద నడుపుకుంటూ నెల్లూరు వచ్చి, వెంటనే లెవెల్ చూడమంటే ఎవరివల్లా కాదు. చేత్తో ముట్టుకుని వేడి అంచనా కట్టేవాళ్లనూ నమ్మొద్దు. స్కానర్‌లో ఇంజిన్ కూలెంట్ వేడి కాదు, గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూపించమనండి. రెండూ వేర్వేరు అంకెలు.

ఆయిల్ వేడి ఆ అంకె చేరేలోపు బ్రేక్ గట్టిగా తొక్కి, గేర్ లివర్‌ను పీ (పార్కింగ్) నుంచి చివరిదాకా ప్రతి స్థానంలో ఐదేసి సెకన్లు ఆపుతూ తీసుకెళ్లి, మళ్లీ పీకి తేవాలి. ఆయిల్ అన్ని దారుల్లోకి వెళ్లడానికి ఇది తప్పదు. ఆ సమయంలో కారు కింద మనిషి ఉండకూడదు. పీలో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగాకే కిందికి వెళ్లాలి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే లెవెల్ బోల్టు తీయాలి. ఎక్కువైనది ధారగా కారుతుంది. ధార సన్నగిల్లి చుక్కలుగా మారగానే మూసేయాలి. ఒక్క చుక్క కూడా రాకపోతే తక్కువుందని అర్థం. ఇంజిన్ ఆపి, కొద్దిగా పోసి, మళ్లీ మొదటినుంచి చూడాలి. లెవెల్ బోల్టు లేకుండా డిప్‌స్టిక్ ఉన్న చాలా కార్లలోనూ పద్ధతి దాదాపు ఇదే, పుల్ల తుడిచి రెండుసార్లు చూడాలి. బోల్టును బలంకొద్దీ బిగించనివ్వకండి, అల్యూమినియం మరలు ఊడొస్తాయి. కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి వాడమనండి.

మార్పించాక నడపడంలో కూడా జాగ్రత్త కావాలి. హైవేలో లారీని దాటేటప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా నేలకి తొక్కితే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి అంత వేగంగా కదలదు. దాటే ముందే కొంచెం కొంచెంగా తొక్కుతూ రండి. దోర్నాల-శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు లివర్‌ను ఎల్ లేదా ఎస్‌లో పెట్టండి. మైపాడు బీచ్ ఇసుకలో చక్రం కూరుకుపోతే గిర్రున తిప్పకండి, బెల్టుకు అంత చేటు ఇంకోటి లేదు. బండి ఎక్కడైనా ఆగిపోతే, అది కనిగిరి రోడ్డైనా సరే, ట్రాక్టర్‌కు తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు కూడా ఆగుతుంది, చక్రాలు మాత్రం లోపలివాటిని పొడిగా తిప్పుతూ ఉంటాయి. నాలుగు చక్రాలూ పైకెక్కే లారీనే పిలవండి, ఎంత ఆలస్యమైనా.

వారం తర్వాత బండి కింద ఒక అట్టముక్క రాత్రంతా పరిచి, చుక్కలు పడ్డాయేమో చూడండి. కదిలేటప్పుడు వణుకు మొదలైతే గేర్‌బాక్స్ మార్చాలనే మాటకు తలూపకముందు, ఒక చల్లని ఉదయాన స్కానర్ పెట్టించి లెవెల్ మళ్లీ చూపించండి.