తొలకరికి ముందే గ్లైరిసిడియా సంగతి చూసుకోండి

మన్యంలో కాఫీకి నీడ అంటే ముందు సిల్వర్ ఓక్ చెట్టే గుర్తొస్తుంది. నిటారుగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకుతుంది, కలపకూ డబ్బులొస్తాయి, కానీ గాల్లోని నత్రజనిని మాత్రం భూమికి ఇవ్వదు. అందుకే మధ్యమధ్యలో ఆ నత్రజనిని పట్టి ఇచ్చే గ్లైరిసిడియా చెట్లు పెడదామనుకోవడం మంచి ఆలోచనే. కాకపోతే పని వానలకు ముందే మొదలుపెట్టాలి.

పచ్చటి లేత కొమ్మ నాటొద్దు. నాలుగు చిగుళ్లు వేసి మురిపించి, వేరు పట్టక ఎండిపోతుంది. మొదటి ఏడాది నా కొమ్మలు సగం పైగా అలాగే పోయాయి. గోధుమరంగు తిరిగిన ముదురు కొమ్మను బొటనవేలికంటే లావుగా చూసి తీసుకోండి. మోపు కట్టేటప్పుడే మొదళ్లన్నీ ఒకే వైపు పెట్టుకుంటే తలకిందులుగా నాటే గొడవ ఉండదు. గాలి గట్టిగా కొట్టే వాలులో అయితే విత్తనపు మొక్కే మేలు, కొమ్మకు తల్లివేరు దిగదు మరి.

ఇప్పటికే చెట్లున్నవాళ్లు వానలు పడకముందే కొమ్మలు పలచన చేయాలి. మబ్బు పట్టి, ఆకులు తడిసి, పైన నీడ దట్టంగా ఉంటే కాఫీలో నల్లకుళ్లు, కోకోలో కాయకుళ్లు పట్టుకుంటాయి. అలాగని ఒకేసారి బోడి చేసేస్తే ఎండ తగిలి కాఫీ ఆకులు మాడతాయి. వాన పడ్డాక చెట్టెక్కొద్దు, కొమ్మలు జారతాయి. కిందనుంచే దోటితో కోయండి, కరెంటు తీగల దగ్గర ఇనుప గొట్టానికి కట్టిన దోటి అస్సలు వద్దు.

కోసిన ఆకు కాఫీ మొదళ్ల చుట్టూ వేయండి, కాండానికి ఆనించకుండా. చెట్టు ఊరికే నిలబడితే పంటకు అందే నత్రజని తక్కువ, ఆకు కుళ్లితేనే అసలు లాభం. ఈ ఆకు త్వరగా కుళ్లుతుంది కాబట్టి మొక్క పెరిగే సమయం చూసి వేయాలి. గ్లైరిసిడియా వేర్ల మీది బుడిపె ఒకటి చిదిమి చూడండి, లోపల గులాబీ రంగుంటే నత్రజని పట్టే పని జరుగుతున్నట్టే.

పశువులున్నవాళ్లకు ఇంకో మాట. దీని గింజలు, బెరడు విషం, గ్లైరిసిడియా అనే పేరుకే ఎలుకల్ని చంపేదని అర్థం. గుర్రాలకు, కోళ్లకు, కుందేళ్లకు పెట్టొద్దు. ఆవులు, మేకలు తింటాయి గానీ వేరే మేతతో కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. వానకాలంలో కుప్ప పోసి బూజు పట్టిన ఆకు మాత్రం ఎవరికీ వద్దు, అది తిన్న పశువుకు చిన్న గాయమైనా రక్తం గడ్డకట్టకపోవచ్చు. మొదట్లో మేకలు వాసన చూసి మొహం తిప్పేసుకుంటాయి, ఆకును ఒక పూట వాడిపోనిచ్చి పెట్టి చూడండి.