ఇంట్లోనే ముహూర్తం – 3వ పాఠం: వేళ్ళ మీద తారాబలం

పోయిన పాఠంలో 27 నక్షత్రాలూ వరసగా అప్పజెప్పడం ప్రాక్టీస్ చేయమన్నాను కదా. పుబ్బ, ఉత్తర దగ్గర ఇంకా తడబడుతుంటే పంచాంగం పక్కన పెట్టుకోండి, తప్పేం లేదు.

తారాబలం అంటే ఆ రోజు నక్షత్రం మీ జన్మ నక్షత్రానికి కలిసొస్తుందా లేదా అని చూసుకోవడం. లెక్క చాలా చిన్నది. మీ జన్మ నక్షత్రాన్ని ఒకటి అనుకుని ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టి, తొమ్మిదులు తీసేయాలి. మిగిలింది తార, ఏమీ మిగలకపోతే తొమ్మిదోది. పేర్లు ఇవీ: జన్మ, సంపత్, విపత్, క్షేమ, ప్రత్యక్, సాధన, నైధన, మిత్ర, పరమమిత్ర. వీటిలో 3, 5, 7 పనికిరావు. జన్మ తార కొన్నిటికి సరే, కొన్నిటికి కాదు, అదో పెద్ద గొడవ, తర్వాత చూద్దాం.

భాగహారం అక్కర్లేదు. చిటికెన వేలు కింది కణుపు మీద బొటనవేలు పెట్టి పైకి మూడు, ఉంగరపు వేలు కింది నుంచి మూడు, నడిమి వేలు మీద మూడు. తొమ్మిదయ్యాయి, మళ్ళీ చిటికెన వేలికి రండి. రోహిణి వాళ్ళకి స్వాతి చూద్దాం: మొదటి చుట్టు ఉత్తరతో అయిపోతుంది, రెండో చుట్టులో హస్త, చిత్త, స్వాతి, బొటనవేలు చిటికెన వేలు పై కణుపు మీద ఆగింది. విపత్. చెడ్డ తారలు మూడూ అక్కడి నుంచి నడిమి వేలు కింది కణుపు దాకా ఏటవాలుగా ఒకే గీతలో ఉంటాయి, ఒకసారి చూసుకుంటే ఇక మర్చిపోరు.

తప్పు జరిగేది లెక్కలో కాదు, టైములో. నేను బండి కొన్నరోజు పొద్దున్నే క్యాలెండర్ చూసి పరమమిత్ర అని మురిసిపోయి తీరిగ్గా సాయంత్రం షోరూమ్‌కి వెళ్ళాను, తీరా చూస్తే నక్షత్రం మధ్యాహ్నమే మారి జన్మ తార వచ్చేసింది. (బండి బాగానే నడుస్తోంది లెండి.) పక్కనే "మ. 2.10 వరకు" అని ఉంటుంది, అది చూడండి. డల్లాస్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడి పంచాంగం చూస్తే ఆ టైములోంచి ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర తీసేసుకోవాలి.

తప్పనిసరైతే విపత్తుకు బెల్లం, ప్రత్యక్కుకు ఉప్పు దానమిచ్చి బయల్దేరమంటారు. నైధనానికి నువ్వులూ బంగారమూనట, దానికంటే ప్రయాణం మానుకోవడమే చవక.

హోంవర్క్: మూల వాళ్ళకి ఆరుద్ర రోజు ఏ తార? రేవతి దాటాక ఆగకుండా అశ్వినికి వచ్చేయండి.