ఎలీజ్, ఎక్సీజ్ కార్లను తొలి ట్రాక్ డేకు తీసుకువెళ్లే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లో చలికాలమంతా గ్యారేజీలో ముసుగు కింద నిలిచిపోయిన ఎలీజ్‌లు, అంటే లోటస్ సంస్థ తేలికపాటి స్పోర్ట్స్ కార్లు, మార్చి, ఏప్రిల్ నెలల్లో బయటికి వస్తాయి. ఎండ కాస్తున్నా రోడ్డు ఇంకా చల్లగానే ఉంటుంది, నడిపేవారి చేతులకు అలవాటు తప్పి ఉంటుంది. ఈ కారుకు సంవత్సరం మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన వారాలు ఇవేనని నా అభిప్రాయం. ట్రాక్ డే అంటే డబ్బు కట్టి సొంత కారును రేసు ట్రాక్‌పై నడుపుకునే రోజు.

నార్‌ఫక్‌లోని హెథెల్‌లో 1996 నుంచి 2021 వరకు తయారైన ఈ కారు తొలి తరంలో సుమారు 725 కిలోల బరువే ఉండేది. అల్యూమినియం గొట్టాలను వెల్డింగుతో కాక జిగురుతో అతికించి చేసిన దాని చాసిస్ (కారు అడుగు చట్రం) బరువు 68 కిలోలు మాత్రమే. 2000లో వచ్చిన ఎక్సీజ్‌కు గట్టి పైకప్పు, వెనుక రెక్క, ట్రాక్‌కు దగ్గరైన టైర్లు అమర్చారు. అదే కాలంలో తలుపులు, పైకప్పు లేని 340ఆర్‌ను 340 కార్లకే పరిమితం చేసి అమ్మారు. ఇవన్నీ ఒకే ఎముకల గూటిపై నిలిచినవే అయినా, ఒకదానికి సరిపోయే సన్నాహం మరొకదానికి సరిపోదు.

మొదట చూడవలసినవి టైర్లు. బరువు తక్కువైన కారు టైరుపై మోపే భారం తక్కువ కాబట్టి, బరువైన కారులో ఒకటి రెండు మైళ్లలోనే వేడెక్కే రబ్బరు ఇందులో ఇంకా చాలాసేపు చల్లగానే ఉండిపోతుంది. రెండో తరం ఎక్సీజ్‌కు వచ్చిన యోకోహామా ఏ048 వంటి టైర్లు వేడెక్కిన పొడి ట్రాక్‌పై అద్భుతంగా పట్టు ఇస్తాయి. చలిలో, ముఖ్యంగా నిలిచిన నీటిపై, ఆ పట్టును నమ్ముకోకూడదు. ట్రాక్ వరకు రోడ్డు మీదే వెళ్లేవారు వాన సూచన ఉంటే రోడ్డు టైర్లు వేసుకుని వెళ్లడం మేలు. టైరు అరగకపోయినా వయసు మీరితే గట్టిపడుతుంది. పక్క గోడపై ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి: 1218 అని ఉంటే 2018లో పన్నెండో వారం అని అర్థం.

ఇంజను సీట్ల వెనుక ఉండడం వల్ల, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ నుంచి ఒక్కసారిగా కాలు తీస్తే భారం ముందుకు మళ్లి వెనుక చక్రాలు పట్టు వదిలేస్తాయి, కారు గిరగిరా తిరిగిపోతుంది. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించుకోవాలి. తొలి తరం కార్లకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) లేదు కాబట్టి, తడిలో బ్రేకును బలంగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రోవర్ కె-సిరీస్ ఇంజను ఉన్న పాత ఎలీజ్‌లకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పాడవడం బాగా తెలిసిన జబ్బు. రేడియేటర్ ముందు, ఇంజను వెనుక. నీరు కారు పొడవునా ప్రయాణించాలి. వేడిని బట్టి నీటి దారిని తెరిచే థర్మోస్టాట్ ఇంజనులోకి నీరు వచ్చే వైపున ఉండడంతో, అది తెరుచుకోగానే వేడి లోహానికి చల్లని నీరు ఒక్కసారిగా తగులుతుంది. అందుకే ఇంజను పూర్తిగా వేడెక్కే వరకు గట్టిగా నడపకూడదు. చలికాలం తర్వాత కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) మట్టాన్ని చూడడమే కాక, కొద్దిగానైనా ఎందుకు తగ్గిందో తెలిసేదాకా బయలుదేరకూడదు. ‘కాస్త పోసి వెళ్దాం’ అనుకున్నవారే చివరికి టోయింగ్ బండి ఎక్కుతారు. 2004 నుంచి వచ్చిన టొయోటా ఇంజను కార్లకు ఈ బెడద లేకపోయినా, మెత్తని ట్రాక్ టైర్లతో పొడవైన మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి పంపుకు అందకపోవచ్చు. కాబట్టి ఆయిల్‌ను పై గీత దాకా ఉంచాలి.

వెనుక చక్రాల దిశను పట్టి ఉంచే టో లింక్ కీళ్లను తప్పకుండా పరీక్షింపజేయాలి. ట్రాక్‌పై ఇవి విరిగితే కారును అదుపు చేయడం ఎవరి తరమూ కాదు. తరచుగా ట్రాక్‌కు వెళ్లేవారు మరింత బలమైనవి వేయించుకోవడం దుబారా కాదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది: డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు కాగా, తేమ చేరాక ఆ కనీసం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఏటా సీజను మొదట్లోనే దాన్ని మార్చించాలి. జాకీని కారుతో వచ్చే పుస్తకంలో చూపిన చోటనే పెట్టాలి, ఎందుకంటే సొట్టపడిన అల్యూమినియం చాసిస్‌ను చాలాసార్లు బాగుచేయడం కుదరదు, మార్చవలసిందే.

బ్రిటన్‌లో మామూలు రోడ్డు బీమా సాధారణంగా ట్రాక్ డేకు వర్తించదు. జర్మనీలోని 20.8 కిలోమీటర్ల న్యూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ ట్రాక్ సుంకం కట్టి నడిపే రోజుల్లో చట్టం దృష్టిలో రోడ్డే అయినా, అనేక పాలసీలు దాన్ని పేరు పెట్టి మరీ మినహాయిస్తాయి. సైలెన్సర్ మార్చినవారు తాము వెళ్లే ట్రాక్ శబ్ద పరిమితిని ముందే కనుక్కోవాలి. గేటు దగ్గర కొలిచి వెనక్కి పంపితే కట్టిన డబ్బు సాధారణంగా తిరిగి రాదు.